పన్నెండు మాటల తాళంచెవి

పన్నెండు మాటలిచ్చి
"కాగితం మీద రాసి పెట్టుకోక్కా" అన్నాడు
సంతపేటలో సెల్లులు రిపేరు చేసే ఖలీలు.
"ఫోన్లో వద్దు. మీ ఆయనకు వద్దు. దేవుడి గూట్లోనూ వద్దు.
ఇవి పోతే నువ్వు పోయినట్టే.
మళ్ళీ ఇప్పించేదానికి ఆఫీసూ లేదు, ఆఫీసరూ లేడు."

చీటీ మడిచి కందిబేడల డబ్బాలో వేసినా.
ఒక్క మాట మాత్రం చెప్తా: ఏనుగు.
మా తట్టు చెరుకులో పడి తొక్కేది అదే గదా,
మరిచిపోను.
మిగతా పదకొండూ అడగొద్దు.

చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తాను నేను.
పద్దెనిమిదేండ్లుగా చిట్టా నాది, ఆవర్జా నాది,
చేతిరాత నాది.
అంకెలు మాత్రం యజమాని ఏకాంబరానివి.
"ఆ ఏడును ఒకటి చెయ్ తల్లీ" అంటాడు. తల్లీ అనే అంటాడు.
ఏడు నెత్తిన గీతను బ్లేడుతో గీకి
గోటితో నున్నగా రుద్దుతా,
కాగితానికి నొప్పి తెలీకుండా.

ఖలీలు చెప్పిన చోట అట్లా కుదరదంట.
ఒకే పుస్తకం, వేల ఇండ్లల్లో.
ఒక ఇంట్లో ఒక్క అక్షరం మారినా
మిగతా ఇండ్లు ఒప్పుకోవు.
ప్రతి పుటా ముందు పుట కొంగు పట్టుకోని నడుస్తాది
గంగజాతర గుంపులో పిలకాయల మాదిరి.
రాసినోళ్ళ రాతకు
చదివినోళ్ళే ఇంత అని విలువ కడతారు.

మొదటి రాత గానుగ గురించి.
పొయ్యికాడ మా నాయన నురగ తీసే తీరు రాస్తా రాస్తా
పాకం అనాల్సిన చోట, ఆత్రంలో,
పాపం అని కొట్టినా.
"పాపం ముదరకముందే దించాల."
పైన పూత పూయొచ్చు గానీ
అడుగున అట్లే ఉంటాదంట, మనం పోయినా.
ఆ రాత్రి నిద్ర లేదు.

మూడు నెలలు ఒక్కరూ చదవలా.
"బెల్లం గురించి రాస్తే ఈగన్నా వాలలేదా అక్కా" అని నవ్వి
"నువ్వెవరిది చదివినావు?" అని అడిగినాడు ఖలీలు.
ఆ మాట
చెంపమీద పడింది.

చదవడం మొదులుపెట్టినా.
కురబలకోట తట్టు బోర్లు వేసే బండి మీద ఒకాయన,
రాయి మోగే సప్పుడును బట్టి నీళ్ళు చెప్తాడు.
ఏ దేశమో తెలీదు, ఒకామె, రొట్టెల కొట్టు,
పిండి పొంగేదాకా కూచోని రాస్తాది;
మిషను తెలుగు చేసిన వంకర మాటల్లోనే
ఆమె వంటింట్లో చలి నాకు తగులుతాది.
ఒకరికి రెండు మాటలు, ఒకరికి ఒక సందేహం,
నాకున్న గోరంత విలువలో
ఇంకొకరికి గోటికొన.
చెరుకు నరికినాక మోట్లలోంచి కార్శి లేస్తాదే,
విత్తనం వేసినోడు చూడకుండానే,
అట్లా పేర్లు లేసినాయి నా చుట్టూ.

నా మొదటి రాత చదివింది రొట్టెలామె.
ఆమె భాషలో అది పాకం కాలేదు, పాపమే.
"నిజం. ముదరకముందే దించాలి" అనింది.
ఆ రోజు నాకొచ్చిన విలువ ముప్పావు టీ.
నాకు గొంతు దిగలా.

తొమ్మిదో నెలలో రాసినా.
చెంగల్రాయుడు తెచ్చినవి నలభై ఏడు దిమ్మెలు.
నలభై ఒకటి రాసింది ఈ చెయ్యి.
పేరు పెట్టినా, తేదీ పెట్టినా.
నొక్కినాక ఫోన్ను బోర్లించి
అరగంట అంట్లు తోమినా.

రేపు చిట్టా తెరవాల.
బ్లేడు సొరుగులోనే ఉంది, నేనేం వీరురాలిని కాను.

బంగారుపాళెం పిల్ల ఒకతి కొత్తగా చేరింది, మామిడికాయల గ్రేడింగులో పని.
నిన్న రాత్రి పదకొండుకు భయంగా అడిగింది:
"తప్పు పడింది అక్కా, ఎట్లా తుడిచేది?"

తుడవలేవు పాపా.
దాని కిందనే
ఇంకోటి రాయి.